చేతికొచ్చిన తేదీ

శ్రీపతి తలుపు దగ్గరికి లాగి బయట గొళ్లెం పెట్టాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చి, సరిగ్గా పడిందో లేదోనని గొళ్లెం ఊపి చూశాడు. ఇంట్లో సీతమ్మ ఉంది. పెళ్లాన్ని లోపల పెట్టి బయట గొళ్లెం బిగించే మొగుడు ప్రొద్దుటూరు మొత్తానికి ఆయనొక్కడే అయి ఉంటాడు. "కొళాయికి పోవల్లండీ, తీయండి" అని లోపలినుంచి ఆవిడ రోజూ అనే మాటే అన్నది. ఆయన నాలుక కరుచుకుని గొళ్లెం తీశాడు.

మనిషి సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. ముందుకు సాగిన మెడ, చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే సీతమ్మ నల్లదారంతో కట్టింది. కుడిచేతి నడిమివేలి మీద కలం ఒరుసుకుని ఒరుసుకుని కాయ కాసింది. చేతిలో ఎప్పుడూ గొడుగు. దాని బట్ట చినిగినచోట సీతమ్మ తన పాత నీలం రవికె ముక్క వేసి కుట్టింది. ఆ గొడుగు ఎండకూ కాదు, వానకూ కాదు. జీపుల కోసం.

నవ్వకండి. ఆ ఏళ్లల్లో జమ్మలమడుగు దారినో పులివెందుల దారినో జీపొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చిందంటే, దాంట్లో ఎవరున్నారో చూడకపోవడమే ఆరోగ్యం. చూసినవాడు సాక్షి అవుతాడు. సాక్షి అయినవాడు పొద్దునే పాలకు పోయి ఇంటికి రాడు. అందుకని జీపు చప్పుడు వినబడగానే శ్రీపతి గొడుగు విప్పి ఆ పక్కకు వంచేవాడు. ఎన్నికల నెలల్లోనైతే ముడవడమే ఉండదు. "ఎవరన్నా తుమ్మినా గొడుగు విప్పుతారు మీరు" అని సీతమ్మ ఎగతాళి చేసేది. ఆయనా నవ్వేవాడు గానీ, భయం మాత్రం నిజం.

అది తండ్రినుంచి వచ్చిన ఆస్తి. తండ్రి చెన్నూరులో కరణం దగ్గర గుమాస్తా. ఎవరి పొలమో ఎవరి పేరునో రాయమన్నారు, రాస్తే ఒకడు చంపుతాడు, రాయకపోతే ఇంకొకడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన రెండూ చేయకుండా పెట్టె, పెళ్లాం, బిడ్డతో తెల్లవారుజామున ప్రొద్దుటూరు వచ్చిపడ్డాడు. కన్నుమూసేముందు కొడుక్కు ఒక్కటే చెప్పాడు: రాసేవాడి చెయ్యి కనబడినా ఫర్వాలేదురా, మొహం కనబడకూడదు. శ్రీపతి ఆ మాట జీవితమంతా పాటించాడు. ఆడిటరు త్రివిక్రమరావు ఆఫీసులో, బట్టల అంగడి పైన ఆ ఇరుకు గదిలో, కంట్రాక్టర్ల లెక్కలు రాస్తూ జుట్టు నెరిసింది. ఆయన రాసిన కాగితాలు కడప దాకా, హైదరాబాదు దాకా పోయాయి. వాటిమీద సంతకం ఎప్పుడూ వేరేవాళ్లదే.

ఆరోజు పొద్దున ఆయన మెట్లెక్కేసరికి త్రివిక్రమరావు చేతిసంచితో దిగుతున్నాడు. కడపలో పని తగిలిందని, గంగులయ్య వస్తే ఆదాయపన్ను ఆఫీసుకు నువ్వే తీసుకుపొమ్మని, ఆగకుండానే చెప్పాడు. ఆ పని నిన్నటిదాకా లేదు. ఆడిటరు కూడా భయపడ్డాడన్నమాట. చదువుకున్నవాడి భయానికి కడప బస్సుంటుంది, గుమాస్తా భయానికి ఏముంటుంది! శ్రీపతి కుర్చీలో కూర్చుని కాసేపు ఊరికే పెన్సిలు చెక్కుకున్నాడు.

గంగులయ్య పేరుమీద నోటీసు వచ్చింది. కాగితాల్లో ఆ గంగులయ్య పెద్ద కంట్రాక్టరు. మైలవరం కాలువకు సిమెంటు లైనింగు చేయించినవాడు, రోడ్లు వేయించినవాడు. నిజానికి మైలవరం దగ్గర గొర్రెలు కాసుకునేవాడు. పనులన్నీ, ఆ దిక్కున అందరూ అన్న అని పిలిచే నాయకుడివి. అన్నకు ఒక పేరుంది గానీ ఎవరూ పలకరు. జమ్మలమడుగు అవతల ఒక ఊళ్లో కోటగోడలాంటి గోడల మధ్య ఉంటాడు. మొన్నటిదాకా ఒక పార్టీ, నిన్నటినుంచి ఇంకొక పార్టీ. అన్న తన పేరున పనులు చేయడు, తన మనుషుల పేర్లమీద చేస్తాడు. పేరిచ్చినవాడు చెక్కుబుక్కు మీద సంతకాలు చేసి ఇచ్చి, తన పని తాను చూసుకోవాలి. పోయినేడు ఇట్లాగే పేరిచ్చిన ఒకతను కల్లంగడిలో నోరు జారాడు. ఆ తర్వాత అతనూ లేడు, అతని గురించి అడిగినవాళ్లూ లేరు.

నోటీసులో అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాలువ పనికి డబ్బు మార్చి నెలలోనే ఇచ్చేశామని ఇంజనీరు ఆఫీసు సర్టిఫికెట్టు ఇచ్చింది. గంగులయ్య లెక్కలో మాత్రం ఆ ఏడాది ఆ రాబడి లేదు. ఎందుకు లేదు? ఎందుకంటే మార్చి దాటితే నిధులు మురిగిపోతాయని, ఇంజనీరు ఆఫీసులో ఆ నెలాఖరు తేదీతో చెక్కు రాసి బీరువాలో పెట్టుకుంటారు. అది కంట్రాక్టరు చేతికి వచ్చేసరికి మృగశిర కార్తె వస్తుంది. ఇదివరకు రాబడికి ఒక పద్ధతి, ఖర్చుకు ఒక పద్ధతి కలిపి రాసుకుంటే నడిచేది. ప్రభుత్వం కొత్తగా అది మాన్పించింది. హక్కు వచ్చిన రోజు రాస్తావా, చేతికొచ్చిన రోజు రాస్తావా, ఏదో ఒకటే తేల్చుకోమంది. శ్రీపతి గంగులయ్యకు రెండోది పెట్టాడు. రాబడి చేతికొచ్చిన రోజు, ఖర్చు చెయ్యిదాటిన రోజు. మార్చిలో కనబడని రాబడి మరుసటి ఏడాది లెక్కల్లో, ఆ జూన్‌లో కనబడుతుంది, పన్ను కూడా అప్పుడే కట్టారు. రెండు లెక్కలకూ పొత్తు కుదురుస్తూ ఒక పేజీ రాశాడు. ముందు పెన్సిలుతో, తర్వాత సిరాతో. రూపాయి తేడా లేదు.

భయం లెక్కది కాదు. గంగులయ్యది.

గంగులయ్య ఎండ ముదరకముందే వచ్చాడు. చేతికర్ర మెట్ల కింద ఆనించి, చెప్పులు విడిచి, భుజాన గొంగడితో గది గుమ్మంలో నిలబడ్డాడు. అతనితోబాటు గదిలోకి గొర్రెల వాసన, ఎండుగడ్డి వాసన వచ్చాయి. రాయిలాంటి మనిషి, పసిపిల్లవాడి కళ్లు. నోటీసు వచ్చిందని కాదు గానీ, అందులో తన పేరుందని అతనికి బెదురుగా ఉంది. కూర్చోమంటే నేలమీద కూర్చున్నాడు. వీణ్ణి ఆఫీసరు ముందు ఎట్లా నిలబెట్టాలి దేవుడా అనుకున్నాడు శ్రీపతి. ఏమీ మాట్లాడవద్దంటే ఆఫీసరు ఊరుకోడు. అందుకని అతనికి తెలిసిన భాషలోనే చెబుదామనుకున్నాడు. అదే కొంప ముంచుతుందని ఆయనకేం తెలుసు!

"గంగులయ్యా, గొర్రె కట్టింది. పిల్ల కడుపులో ఉండంగనే లెక్క పెడతావా, ఈనినాక పెడతావా?"

"కడుపులో ఉండేదాన్ని లెక్కబెడితే దిష్టి సామీ. పిల్లను చేతిలోకి ఎత్తుకున్యాకే లెక్క."

"చెక్కు కూడా అంతే. మార్చిలో రాసినారు, అప్పుడది కడుపులో ఉన్నట్టు. చేతికొచ్చినాకే మన లెక్క. ఆఫీసరు అడిగితే ఈ మాట చెప్పు. ఇంకేం అడిగినా అయ్యవారికి తెలుసు అను."

గంగులయ్యకు ఇది బాగా నచ్చింది. ఇంతకాలం తన పేరున ఏం జరుగుతుందో తెలియని మనిషికి ఒక్క ముక్కైనా అర్థమైంది. దారి పొడుగునా చేతికొచ్చినాకే లెక్క, చేతికొచ్చినాకే లెక్క అని గొణుక్కుంటూ నడిచాడు.

మలుపులో జీపు ఎదురొచ్చింది. శ్రీపతి గొడుగు టక్కున వంగింది. గంగులయ్య మాత్రం చెయ్యెత్తి పలకరించాడు. జీపులో ఉన్నది చిన్నసుబ్బయ్యట, తన పెద్దక్క కొడుకేనట, అన్న దగ్గర నమ్మకంగా ఉంటాడట. పొద్దున ఇంటికొచ్చి, మామా జాగ్రత్తగా మాట్లాడు అని చెప్పి కూడా పోయాడట. ఆ మాట గంగులయ్య మురిసిపోతూ చెప్పాడు, మేనల్లుడు తనమీద ప్రేమకొద్దీ చెప్పాడని. అది ప్రేమ కాదని తెలిసిన శ్రీపతి, జీపు దాటిపోయినా గొడుగు ముడవలేదు.

ఆఫీసరు చిన్నవాడు. కృష్ణా జిల్లానుంచి కొత్తగా వచ్చాడు, మర్యాద తెలిసినవాడు. శ్రీపతి రాసిన పేజీని పైనుంచి కిందికి నిదానంగా చదివి తల ఊపాడు.

"చాలా శుభ్రంగా రాశారండీ. నాకు ఇందులో ఇబ్బందేమీ కనబడటం లేదు."

శ్రీపతికి ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించి లేవబోయాడు. గంగులయ్య కూడా లేచాడు. లేచినవాడు ఊరుకోవచ్చు కదా! నేర్చుకున్న పాఠం అప్పజెప్పకుండా పోవడం తప్పనుకున్నాడో ఏమో, చేతికొచ్చినాకే మా లెక్క సార్ అన్నాడు. ఆఫీసరు నవ్వి, ఫైలు కట్టబోయి ఆగి, మాటవరసకు అడిగాడు. చెక్కు మీ చేతికి ఏ తేదీన వచ్చిందో గుర్తుందా అని.

"నా చేతికి రాలే సార్."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అయ్యవారికి తెలుసు అనరా, అయ్యవారికి తెలుసు అను, అని శ్రీపతి కళ్లతో వేడుకున్నాడు. గంగులయ్య ఆయన వైపు చూడలేదు. ఆ ఎండాకాలం తాను మందను తోలుకుని నల్లమలలో ఉన్నానన్నాడు. మరి చెక్కు ఎవరు తీసుకున్నారని ఆఫీసరు మెల్లగా అడిగాడు.

"అన్న మనుషులు. పనులన్నీ అన్నవే సార్. నేను పాలుకు మేపేటోన్ని, అంతే."

పాలుకు మేపడం అంటే ఏమిటని ఆ కృష్ణా జిల్లా కుర్రవాడు అడిగాడు. గంగులయ్య సంతోషంగా విప్పి చెప్పాడు. ఒకరి గొర్రెలను ఇంకొకరు మేపుతారు. గొర్రె ఆసామిదే, దాని చెవికి ఆసామి గుర్తుగా పెట్టిన కోతే ఉంటుంది. పుట్టిన పిల్లల్లో మేపినవాడికి పాలు, అంటే వాటా, వస్తుంది. ఇదీ అంతే, ఉగాదికి అన్న తనకు రెండు పొట్టేళ్ల దుడ్లు ఇస్తాడు. మందలో ఎవరి గొర్రె ఎవరిదని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే. ఒకరి చెవికోత గొర్రెను నాదని చెప్పుకున్నవాడికి వాళ్ల కులంలో నిప్పూ నీళ్లూ పుట్టవు. అన్న సొత్తును నాదని ఆఫీసులో చెప్పి అన్నకు ద్రోహం ఎట్లా చేస్తానని అతని ఉద్దేశం. అన్నమీద విశ్వాసంతోనే అన్నాడు, పాపిష్టి నోటితో కాదు.

ఆఫీసరు కలం తీశాడు. మీరేమంటారని శ్రీపతిని అడిగాడు. గొల్లవాడు, తెలియక ఏదో అన్నాడు సార్, అని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కదలలేదు. అంతలో టీ తెచ్చిన అటెండరు గ్లాసులు బల్లమీద పెట్టి, గంగులయ్యను ఒకసారి ఎగాదిగా చూసి, బయటికి పోయాడు. పోతూ పోతూ తలుపు దగ్గరికి వేసిపోయాడు. ఆఫీసుకు ఎదురుగా ఎస్టీడీ బూతు ఉంది, అన్న ఊరికి ఫోను ఎంతసేపు! శ్రీపతి ఆ మూసిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. గంగులయ్య తను చెప్పినదాని కింద, చెక్కుల కోసం నేర్చుకున్న వంకర అక్షరాలతో, పేరు రాసిచ్చాడు.

వీధిలోకి వచ్చాక, నేనేమన్నా తప్పు చెప్పినానా సామీ అని అడిగాడు. శ్రీపతికి వాణ్ణి అక్కడే గొడుగుతో బాదాలనిపించింది. మరుక్షణం వాటేసుకుని ఏడవాలనిపించింది. గొర్రెను మధ్యలోకి తెచ్చింది తానే కదా. సిమెంటు గురించో సంతకం గురించో చెప్పి ఉంటే వాడు అబద్ధం ఆడేవాడే. గొర్రె లెక్కలో మాత్రం ఆడడు.

"మంద యాడుంది?"

"పోరుమామిళ్ల దిక్కున. మా ఇంటిది గురవమ్మ ఉంది కాపలా."

"ఆడికే పో. ఇంటికి పోవాకు. మైలవరం మొహం చూడాకు. గురవమ్మను, మందను తోలుకోని కొండ దాటు. నేను కబురు పెట్టిందాకా రావాకు."

గంగులయ్య ఏదో అడగబోయి, అయ్యవారి మొహం చూసి మానుకున్నాడు. ఆ మొహంలో ఏం కనబడిందో గానీ, తోడేలు వాసన తగిలిన గొర్రెలా బెదిరిపోయాడు. బస్టాండుకు శ్రీపతి అతన్ని చెయ్యిపట్టుకుని తీసుకుపోయాడు. పోరుమామిళ్ల బస్సు కదలబోతోంది. గంగులయ్యను తోసినట్టే ఎక్కించాడు. ఎక్కుతారా అయ్యవారూ అని కండక్టరు అడిగాడు. శ్రీపతి ఒక కాలు మెట్టుమీద పెట్టాడు కూడా. పోతే బతుకుతాడు, కనీసం ఆరోజుకు. కానీ ఇద్దరూ మాయమైతే వాళ్లు నేరుగా పోయేది సీతమ్మ దగ్గరికే. కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. ఆయన కాలు కిందికి దింపాడు. బస్సు పోయింది.

ఇంటికి పోలేదు. ఇంటికి పోతే జీపు ఇంటికి వస్తుంది. ఆఫీసుకు వచ్చి, గొడుగు కిటికీ ఊచకు తగిలించి, కుర్చీలో కూర్చున్నాడు. డబ్బాలో సీతమ్మ పెట్టిన పెరుగన్నం, మాగాయ బద్ద. విప్పాడు గానీ ముద్ద దిగలేదు. అన్నం దండగ అవుతుందని బాధపడ్డాడు. తర్వాత, ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి గనక, ఇంకొక కంట్రాక్టరు కాగితాలు ముందుకు లాక్కుని పెన్సిలుతో కూడడం మొదలుపెట్టాడు. ప్రతి మోటారు చప్పుడుకూ అంకె మరిచిపోయి మళ్లీ మొదటినుంచి కూడాడు. భయమంటే అట్లా ఉంటుంది. చచ్చేదాకా చంపుతూనే ఉంటుంది.

ఎండ వాలేసరికి జీపొచ్చి కింద ఆగింది. శ్రీపతి కిటికీలోంచి చూశాడు. ఇన్నేళ్లలో జీపులోకి కళ్లారా చూడటం ఆయనకదే మొదలు. నలుగురున్నారు. ఒకడు పల్లీలు ఒలుచుకు తింటున్నాడు. మామూలు మనుషులే.

చిన్నసుబ్బయ్య ఒక్కడే పైకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, గంగులయ్య కళ్లే. గదంతా ఒకసారి చూశాడు.

"మామ యాడ పోయినాడు అయ్యవారూ?"

"నాకు తెలీదు" అన్నాడు శ్రీపతి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఆయప్ప ఆడ చెప్పిన మాటలు నేను నేర్పించినవే. ఆయప్పకేం తెలుసు, గొర్లు తప్ప? నేను చెప్పమన్నట్టే చెప్పినాడు."

ఇది ధైర్యమనుకునేరు. పట్టుకున్న కుర్చీ చేతులు వదిలితే పారిపోతానని ఆయనకు తెలుసు. ముప్పయ్యేళ్లుగా ఆ చేత్తో ఎవరెవరి అబద్ధాలో అందంగా రాసిపెట్టాడు. నోటితో తనకోసం తాను అబద్ధం ఆడింది లేదు. ఇప్పుడాడిందీ తనకోసం కాదు.

చిన్నసుబ్బయ్య కూడా గొర్రెల మధ్య పెరిగినవాడే. పాలుకు మేపేటోన్ని అనే మాట ఈ బాపనయ్య నోట పుట్టేది కాదని వాడికి తెలుసు. మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంగొకసారి ఆలోచన చేసుకోని చెప్పు సామీ. కింద ఉండేవాళ్లకు నేను ఇదే చెప్పల్ల."

"అదే చెప్పు నాయనా. నేనే నేర్పించినా."

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఎవరికోసమో వాడికే తెలియాలి. కండువాతో మొహం తుడుచుకుని, అన్న లెక్కలు చూడల్లంటన్నాడు, పోయొద్దాం దా అన్నాడు. ఇంట్లో ఒక మాట చెప్పి వస్తానన్నాడు శ్రీపతి. మేం చెప్తాంలే అన్నాడు వాడు. వద్దు వద్దు, మీరు చెప్పొద్దు, ఇంటికి పోవద్దు, అని శ్రీపతి కంగారుగా లేచి, వాడికంటే ముందే మెట్లు దిగాడు. జీపులో పల్లీలు తింటున్నవాడు జరిగి చోటిచ్చాడు.

రెండోనాటి పొద్దున ఆయన మైలవరం కాలువలో తేలాడు. పోలీసులు వచ్చి, గట్టుమీది బురదలో కాలుజారి పడ్డాడని రాసుకున్నారు. శ్రీపతి రాసిన లెక్కల్లో ఆ గట్టుకు అప్పటికి రెండేళ్ల కిందటే సిమెంటు వేసి ఉంది.

కడపనుంచి తిరిగొచ్చిన త్రివిక్రమరావు మంచివాడు, చాలా ఓదార్చాడు. కృష్ణా జిల్లా ఆఫీసరుకు బదిలీ అయింది. ఎన్నికలు వచ్చి పోయాయి. గంగులయ్య కబురు కోసం కొండ అవతలే ఉండిపోయాడు. కబురు పెట్టేవాళ్లు లేరు. అందుకే బతికాడు. సీతమ్మ ఇప్పటికీ పొద్దునే బిందె చంకనబెట్టుకుని, తీసి ఉన్న తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, ఎవరో గొళ్లెం తీయాలన్నట్టు.

జీపు ముందు మొహం దాచుకోకుండా ఆయన వీధిలోకి వచ్చింది ఆ ఒక్క సాయంత్రమే. బట్టల అంగడి పైగదిలో కిటికీ ఊచకు, వీధివైపు వేలాడుతూ, నీలం రవికెముక్క అతుకుతో ఆ గొడుగు ముడిచి ఉంది.